పోచమ్మకు కోపమొస్తదా?

నాకు ఆటలమ్మ పోసినప్పుడు ఐదో క్లాసు. కాజీపేటలో మా ఇంట్లో తాలింపు బంద్, గుమ్మానికి వేపకొమ్మ. డాక్టర్ దగ్గరికి పోదామని అమ్మ అంటే నానమ్మ ఒప్పుకోలేదు. "తల్లి వచ్చింది. సూది గీది వద్దు, కోపమొస్తది." నేను లేచి తిరిగినంక పోచమ్మకు సాక పోసి వచ్చాం.

ఇదంతా మూఢనమ్మకం అని తీసిపారేసేవాణ్ణి. చరిత్ర చదివితే అంత సులువుగా తేలలేదు.

పాత రోజుల్లో మశూచి అంటే రోగం కాదు, అమ్మవారు ఇంటికి రావడం. వచ్చిన తల్లిని సూదితో తరుముతారా? అదీ అభ్యంతరం. కానీ 1796లో జెన్నర్ గోమశూచి టీకా వేయకముందే బెంగాల్‌లో టీకాదార్లు మశూచి పొక్కుల రసంతోనే చేతికి గాటు పెట్టేవాళ్లు, శీతలాదేవికి పూజ చేసి మరీ. అంటే జనం భయపడింది సూదికి కాదు, పూజ లేని సూదికి అనిపిస్తుంది నాకు.

1802లో బొంబాయిలో మన దేశపు మొదటి వాక్సిన్ వేశారు. ఫ్రిజ్‌లు లేని కాలం కదా, ఒక పిల్లాడి చేతి పొక్కు రసం తీసి ఇంకొకడికి ఎక్కించేవాళ్లు. ఏ కులం పిల్లాడి రసం ఎవరికి? గొడవ అక్కడ కూడా.

మనోళ్లే ఇలా అనుకోకండి. రోగం దేవుడు పంపే పరీక్ష, దాన్ని ఆపడం పాపం అని 1722లో లండన్‌లో ఎడ్మండ్ మాసీ అనే పాస్టర్ ప్రసంగించాడు. అంతకు ముందటేడు బోస్టన్‌లో మశూచి గాట్లను సమర్థించిన ఇంకో పాస్టర్, కాటన్ మాథర్, ఇంట్లోకి బాంబు విసిరారు.

అసలు తమాషా మద్రాసులో జరిగింది. ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుసుగా? తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో రాసిన దొర. టీకా ఆవు ప్రసాదమే అని చెప్పే సంస్కృత పద్యం తనే అల్లి, పాత కాగితం మీద రాయించి, ఎక్కడో దొరికిందని చూపించాడట, పండితులు నమ్మాలని. మంచి పనికి దొంగ శాస్త్రమా? నాకైతే మింగుడుపడలేదు. ధన్వంతరే టీకా చెప్పాడన్న మాట 1819లో మద్రాసు పత్రికకెక్కి, అక్కణ్నుంచి దేశాలు తిరిగింది. ఆ బాపతు ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకీ వచ్చే ఉంటుంది.

మొన్న సెలవుల్లో నానమ్మ జబ్బ మీద గుండ్రటి మచ్చ చూశాను. మశూచి టీకా! "సర్కారోడొచ్చి ఏసిండు," అంది. మరి అప్పుడు తల్లికి కోపం రాలేదా అని అడిగాను.

"ముందుగాల పోచమ్మకు కొబ్బరికాయ కొట్టినం కదరా."