టీవీ ముందా, పీఎస్5 ముందా? ఎనిమిది అడుగుల లెక్క

ప్రతి దసరాకు మా హాస్టల్‌లో ఒక పంచాయితీ ఉంటది. ఆన్‌లైన్ సేల్ మొదలు కాంగనే ఎవరో ఒక జూనియర్ ఫోన్ పట్టుకొని వస్తడు: "అన్నా, పీఎస్4 అమ్మేసి పీఎస్5 కొనాల్నా? దానికి 4కే టీవీ కూడా ఉండాల్నా?" గదిలో ఎంతమంది ఉంటే అన్ని జవాబులు. అందులో సగం యూట్యూబ్‌లో విన్నవి, సగం తన దగ్గర ఉన్నదాన్ని సమర్థించుకునేవి.

ఈసారి ఆ ప్రశ్న కొత్తకోటలో మా ఇంట్లోనే వచ్చింది. ముందరి గదిలో 32 అంగుళాల టీవీ, దాని కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీఎస్4 స్లిమ్. తమ్ముడికి రెండూ మార్చాలని ఉంది. నాయన మాత్రం ఒక్కటే అన్నడు: "పైసలు ఒక్కదానికే ఉన్నయి. ఏది ముందో నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నవు కదా, లెక్క చేసి చెప్పు." 2024లో పీఎస్5 ధర 54,990 రూపాయలు. మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో చాలామందికి ఏడాదికి వచ్చే 35,000 కంటే ఎక్కువ. నోటికొచ్చింది చెప్పే మొత్తం కాదు గనక, నిజంగానే టేపు తీసుకొని కూర్చున్నం.

టేపు ఎందుకంటే, మొదట కొలవాల్సింది టీవీని కాదు, మంచానికి టీవీకి మధ్య దూరాన్ని. మామూలు చూపు ఉన్న కన్ను ఒక ఆర్క్ మినిట్ కోణం వరకు రెండు చుక్కలను విడదీసి చూడగలదు. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. దీన్ని దూరంలోకి మారిస్తే ఒక పిక్సెల్ వెడల్పుకు సుమారు 3,438 రెట్లు. అంతకంటే దూరం పోతే పక్కపక్క పిక్సెళ్లు కలిసిపోతాయి. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1,920 పిక్సెళ్లు, అంటే ఒక్కోటి దాదాపు అర మిల్లీమీటరు. దాన్ని 3,438తో గుణిస్తే 1.7 మీటర్లు, మన లెక్కలో ఐదున్నర అడుగుల పైచిలుకు. అదే సైజులో 4కే తెరకు ఈ దూరం సగం, మూడు అడుగుల లోపే. 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి ఏడడుగులు దాటుతుంది. మా 32 అంగుళాల పాత టీవీలో అడ్డంగా ఉన్నవి 1,366 పిక్సెళ్లే. అయినా దాని హద్దు ఆరడుగుల లోపలే.

మా మంచం నుంచి టీవీకి ఎనిమిది అడుగులు.

అంటే ఆ మంచం మీద కూర్చున్నవాడికి మా పాత టీవీ పిక్సెళ్లే విడిగా కనపడవు. 43 అంగుళాల 4కే తెస్తే బొమ్మ పెద్దదవుతుంది, అది నిజమైన లాభమే, అమ్మ సీరియల్‌కైనా పనికొస్తుంది. కానీ 4కే అన్న మాటకు కట్టే పైసలు ఎనిమిది అడుగుల దాకా రావు. చూపు మరీ బాగున్నవాళ్లకు ఈ హద్దు కాస్త జరుగుతుందనుకోండి, రెండింతలైతే కాదు. షాపులో తేడా కనపడదా అంటే కనపడుతుంది. అక్కడ మనం నిలబడేది రెండడుగుల దూరంలో. హెచ్‌డీఆర్ రంగులు దూరానికి సంబంధం లేకుండా కనిపిస్తాయి, ఒప్పుకుంటా. కాకపోతే దానికి మంచి వెలుగునిచ్చే ప్యానెల్ కావాలి, చవక 4కే టీవీల్లో పెట్టె మీద హెచ్‌డీఆర్ అని ఉంటుందే గానీ తెరలో అంత వెలుగు ఉండదు.

ఇప్పుడు కన్సోల్ సంగతి. పీఎస్4లో పెద్ద ఆటలు ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేములతో నడుస్తాయి, అంటే ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. పీఎస్5లో చాలా ఆటలకు 60 ఫ్రేముల మోడ్ ఉంది, అప్పుడు 16.7 మిల్లీసెకన్లు. బండి మలుపు తిప్పినప్పుడు తెర జరిగే తీరులో ఈ తేడా ఎనిమిది అడుగుల నుంచే కాదు, వంటింటి గుమ్మం నుంచి కూడా తెలుస్తుంది. 4కే ఇచ్చేది స్థలంలో వివరం, కొత్త కన్సోల్ ఇచ్చేది కాలంలో వివరం. మొదటిదాన్ని దూరం మింగేస్తుంది, రెండోదాన్ని మింగలేదు. లోడింగ్ వేరే సంగతి: పీఎస్4లో తిరిగే హార్డ్ డిస్క్, సెకనుకు సుమారు వంద మెగాబైట్లు. పీఎస్5 ఎస్ఎస్‌డీకి సోనీ చెప్పే వేగం 5.5 గిగాబైట్లు. పాత 60 హెర్ట్జ్ టీవీ ఈ రెండు లాభాలనూ అడ్డుకోదు. మీ టీవీకి ఇప్పటికే హెచ్‌డీఎంఐ తీగతో పీఎస్4 నడుస్తుంటే పీఎస్5 కూడా నడుస్తుంది.

ఖర్చు లేని పని ఒకటి ముందే చేయండి. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. మామూలు మోడ్‌లో టీవీ ప్రతి ఫ్రేముకు మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది, మీరు బటన్ నొక్కాక బ్యాట్స్‌మన్ ఆలోచించి కొట్టినట్టు ఉండటానికి చాలాసార్లు అదే కారణం. మా తమ్ముడి ఫిర్యాదుల్లో సగం ఆ ఒక్క సెట్టింగ్‌తో పోయాయి. ఇంకో చవక మందు, పీఎస్4లో హార్డ్ డిస్క్ తీసి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేయడం. మనమే స్క్రూ తిప్పి మార్చుకునేలా సోనీ వదిలింది. లోడింగ్ తగ్గుతుంది, ఫ్రేములు మాత్రం పెరగవు.

ధరల దగ్గర మన పాత నమ్మకం ఒకటి పనిచేయలేదు. "ఎలక్ట్రానిక్స్ ఆగితే చవకవుతుంది" అంటాం. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990కి వచ్చింది. 2022 నవంబరులో 54,990 చేశారు. 2024 ఏప్రిల్‌లో సన్నబడ్డ స్లిమ్ మోడల్ వచ్చినా ధర అంతే. పండుగ సేల్‌లో కొన్ని వేలు తగ్గుతుంది, అయిపోగానే మళ్లీ మొదటికి వస్తుంది. టీవీలది వేరే దారి. 32 అంగుళాల వరకు జీఎస్టీని 2019 జనవరిలోనే 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. అంతకంటే పెద్దవాటికి ఆ తగ్గింపు 2025 సెప్టెంబరు 22న వచ్చింది. పన్ను లేకుండా 20,000 ఉన్న టీవీ 25,600 నుంచి 23,600కి దిగినట్టు. ప్యానెళ్లు కూడా ఏటేటా మెరుగవుతూ చవకవుతున్నాయి. కాబట్టి ఆగడం వల్ల లాభం టీవీలో ఉంది, కన్సోల్‌లో ఇప్పటిదాకా లేదు.

ఆగడం పరువు తక్కువ అనుకోవద్దు. పీఎస్2 ప్రపంచంలోకి వచ్చింది 2000లో, పీఎస్3 2006లో. అయినా 2009లో హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్ "హనుమాన్: బాయ్ వారియర్" ఆటను పీఎస్2 కోసమే చేసింది. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి పీఎస్2 ఆట అది. మన ఇళ్లలో అప్పటికీ ఉన్నది ఆ పాత డబ్బానే మరి. ఇప్పుడు పీఎస్4కు ఆ వయసు వచ్చింది, మన దేశంలో 2014 జనవరిలో అమ్మకం మొదలైంది. తేడా ఏమిటంటే కొత్త ఆటలు దాన్ని వదిలేస్తున్నాయి. అందరూ ఎదురుచూసే జీటీఏ 6 పీఎస్5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కు మాత్రమే ప్రకటించారు. నా దృష్టిలో మార్చడానికి సరైన ముహూర్తం ఇదే: మీరు నిజంగా ఆడబోయే ఆట మీ దగ్గరున్న దానిలో నడవనప్పుడు. ఆ ఆట పేరు చెప్పలేకపోతే ఇంకా టైమ్ ఉన్నట్టే.

కొనేటప్పుడు డిస్క్ ఉన్నదా, డిజిటలా? సిటీలో ఉండేవాళ్లు డిజిటల్ చాలంటారు, ధర తక్కువ కూడా. ఊళ్లో లెక్క మారుతుంది. ఒక పెద్ద ఆట వంద గిగాబైట్లు అనుకుందాం. 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే నాలుగున్నర గంటలు. రోజుకు 2 జీబీ ఫోన్ డేటాతో అయితే యాభై రోజులు, అదీ ఇంట్లో ఇంకెవరూ రీల్స్ చూడకపోతే. డిస్క్ అయితే చాలా భాగం దానినుంచే ఎక్కుతుంది, అప్‌డేట్లకే నెట్ కావాలి. ఆడాక అమ్ముకోవచ్చు, దోస్తుతో మార్చుకోవచ్చు. పీఎస్4 డిస్కులు కూడా కొన్ని తప్ప అన్నీ డిస్క్ ఉన్న పీఎస్5లో ఆడతాయి. తమ్ముడి దగ్గరున్న పదకొండు డిస్కులు డిజిటల్ మోడల్ కొన్ననాడే బొమ్మలైపోతాయి.

నాయన అడిగిన అసలు ప్రశ్న ఇవేవీ కాదు, కరెంటు. మాది గృహజ్యోతి ఇల్లు. 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. దాటితే దాటినంతకే కాదు, మొత్తానికీ కట్టాలి. పీఎస్5 ఆట నడిచేటప్పుడు సుమారు 200 వాట్లు, 43 అంగుళాల టీవీ ఇంకో 100. రోజుకు మూడు గంటలైతే నెలకు 27 యూనిట్లు. పీఎస్4 స్లిమ్, 32 అంగుళాల టీవీ కలిపి 130 వాట్లు అనుకుంటే 12 యూనిట్లు. పదిహేను యూనిట్ల తేడా అంటే నవ్వొస్తుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో కూలర్ తిరిగే ఇంట్లో మీటరు 190 దగ్గర ఉంటే, ఆ పదిహేనే జీరో బిల్లును వెయ్యి పైచిలుకు బిల్లు చేస్తుంది. వేడి కూడా తోడు. పీఎస్5కు సోనీ రాసిన పని ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మా దిక్కు మే నెల మధ్యాహ్నం ముందరి గది ఆ హద్దును ఎప్పుడో దాటేస్తుంది. అల్మారాలో మూసిపెట్టడం అసలు వద్దు, నాలుగు దిక్కులా గాలి ఆడాలి.

ఇవన్నీ పెట్టి ఇంట్లో తేల్చింది: ముందు డిస్క్ ఉన్న పీఎస్5, అదీ తమ్ముడి ఇంటర్ పరీక్షలు, ఎండాకాలం అయ్యాక. టీవీ ఆగుతుంది. ఏప్రిల్, మేలలో ఆట ఏదైనా సరే పొద్దున గంట, మీటరు 180 దాటితే అదీ బంద్. ఈ షరతు అమ్మ పెట్టింది.

టీవీ వంతు వచ్చినప్పుడు అడగాల్సిన మాట ఒకటుంది, మీరూ రాసిపెట్టుకోండి. పెట్టె మీద "హెచ్‌డీఎంఐ 2.1" అని ఉంటే చాలదు. 4కేలో అడ్డం 3,840, నిలువు 2,160 పిక్సెళ్లు, ఒక్కోదానికి 24 బిట్లు, సెకనుకు 120 సార్లు. గుణిస్తే దాదాపు 24 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 తీగ మోసేది గరిష్ఠంగా 18, 2.1 అయితే 48. తీగ మోసినా ప్యానెల్ 60 హెర్ట్జ్‌దే అయితే ఆ దారిలో సగం బొమ్మలకు దిగడానికి చోటుండదు. అందుకని షాపాయనను "4కేలో 120 హెర్ట్జ్ ప్యానెలేనా?" అని సూటిగా అడగండి. అవునంటే మోడల్ నంబర్ రాసుకొని కంపెనీ సైట్‌లో చూడండి. కాదంటే ఆ స్టిక్కర్ ధర కట్టకండి. 60 హెర్ట్జ్‌దే తీసుకొని, మిగిలిన పైసలతో మంచాన్ని రెండడుగులు ముందుకు జరిపే ఆలోచన చేయండి, దానికి పైసలు కూడా అక్కర్లేదు.