ఒడ్డెక్కే ఓడ: 'మగర్' ప్రయాణం, తీరం నేర్పిన పాఠం

ఓడ అడుగు నేలకు తగిలిందంటే మామూలుగా అది ప్రమాదమే. కానీ కావాలనే ఒడ్డుకు ఎక్కి, పని పూర్తయ్యాక మళ్లీ తనంతట తానే వెనక్కి జారుకునే ఓడలూ ఉన్నాయి. రేవు లేని తీరంలో ట్యాంకులను, లారీలను, సైనికులను దించడానికే వీటిని తయారు చేస్తారు. వీటి పేరు ల్యాండింగ్ షిప్ ట్యాంక్, పొట్టిగా ఎల్‌ఎస్‌టీ.

భారత నౌకాదళంలో ఈ తరగతి ఓడల్లో బాగా తెలిసిన పేరు 'మగర్'. హిందీలో మగర్ అంటే మొసలి. నీటిలో ఈదుతూ వచ్చి ఒడ్డుకు పాకే ఓడకు తగిన పేరే. ఈ పేరుతో రెండు ఓడలు పనిచేశాయి. మొదటిది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో తయారైంది. రెండోది కోల్‌కతాలో, హుగ్లీ నది ఒడ్డున పుట్టింది.

యుద్ధం అడిగిన ఓడ

1940లో డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం వెనుదిరిగినప్పుడు మనుషులను కాపాడుకోగలిగింది గానీ, ట్యాంకులను, ఫిరంగులను అక్కడే వదిలేయాల్సి వచ్చింది. తిరిగి ఐరోపాలో అడుగుపెట్టాలంటే శత్రువు చేతిలో ఉన్న రేవులతో పనిలేకుండా బరువైన వాహనాలను దించే మార్గం కావాలి. వెనిజులాలోని మరకైబో సరస్సులో చమురు మోయడానికి కట్టిన, ఎక్కువ లోతు అక్కరలేని ట్యాంకర్లను మార్చి బ్రిటన్ మొదటి ప్రయోగం చేసింది. 1941 నవంబరులో అమెరికా నౌకాదళ రూపశిల్పి జాన్ నీడర్‌మేయర్ గీసిన నమూనా అసలు దారి చూపింది. యుద్ధం ముగిసేలోపు అమెరికా ఇలాంటి ఓడలను వెయ్యికి పైగా కట్టింది.

బ్రిటన్ సొంతంగా కట్టుకున్న ఆవిరి ఇంజన్ల రకాన్ని ఎల్‌ఎస్‌టీ-3 అంటారు. వాటిలో 3011 నంబరు ఓడ 1945లో టైన్ నది ఒడ్డున వికర్స్-ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థలో తయారైంది. కొంతకాలం 'అవెంజర్' పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో ఉండి, 1949లో భారత్‌కు వచ్చి 'మగర్' అయింది.

రెండు రకాల లోతు

ఓడ ఎంత లోతుగా నీటిలో మునిగి ఉంటుందో దాన్ని డ్రాఫ్ట్ అంటారు. నడిసముద్రంలో అలల మధ్య నిలకడగా సాగాలంటే డ్రాఫ్ట్ ఎక్కువ ఉండాలి. ఒడ్డుకు చేరాలంటే తక్కువ ఉండాలి. ఒకే ఓడకు ఈ రెండూ ఎలా కుదురుతాయి?

జలాంతర్గామి పద్ధతే ఇక్కడ జవాబు. ఓడ లోపల పెద్ద పెద్ద బ్యాలస్ట్ ట్యాంకులు ఉంటాయి. సముద్రంలో వెళ్లేటప్పుడు వాటిలో నీరు నింపి ఓడను కిందకు దించుతారు. తీరం దగ్గరపడగానే ఆ నీటిని పంపులతో బయటకు తోడేస్తారు. ఓడ తేలికై పైకి లేస్తుంది. అమెరికన్ రకం ఓడ పొడవు సుమారు 100 మీటర్లు. ఒడ్డుకు చేరే సమయంలో దాని ముందు భాగం 1.2 మీటర్లు, వెనుక భాగం 3 మీటర్లు మాత్రమే మునిగి ఉండేది. అంటే ఓడ అడుగు ముందుకు వెళ్లేకొద్దీ పైకి లేచే వాలుగా ఉంటుంది. దాదాపు 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఏటవాలుగా ఉన్న తీరానికి ఇది చక్కగా అతుకుతుంది.

ఒడ్డు చేరకముందే ఓడ వెనుక నుంచి ఒక లంగరు వేస్తారు. పని ముగిశాక ఆ లంగరు తాడును యంత్రంతో చుట్టుకుంటూ ఓడ తనను తాను వెనక్కి లాక్కుంటుంది. పోటు సమయంలో నీటి మట్టం పెరుగుతుంటే ఈ పని ఇంకా సులువు. ఆటు మొదలైతే ఓడ ఇసుకలోనే చిక్కుకుపోవచ్చు.

తీరం మరీ చదునుగా ఉంటే?

ఒక చిన్న లెక్క చూద్దాం. తీరం 200 మీటర్లకు ఒక మీటరు మాత్రమే వాలి ఉందనుకుందాం. ఓడ ముందుకు వస్తుంటే, 3 మీటర్ల లోతులో దాని వెనుక భాగం ముందుగా నేలకు తగులుతుంది. ఆ చోటి నుంచి 100 మీటర్లు ముందున్న ర్యాంప్ దగ్గర నీరు కేవలం అర మీటరు తగ్గుతుంది. అంటే తలుపు తెరిచే చోట ఇంకా 2.5 మీటర్ల నీరు ఉంటుంది. ఎత్తయిన మనిషి కూడా మునిగిపోతాడు.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. అలలు తీరానికి సమాంతరంగా ఇసుక తిన్నెలను పేరుస్తాయి. తిన్నెకూ ఒడ్డుకూ మధ్య లోతైన గాడి ఏర్పడుతుంది. ఓడ తిన్నె మీద ఆగిపోతే, ముందున్నది ఒడ్డేనని పొరపడే ప్రమాదం ఉంది. ఇసుక కింద మెత్తటి బురద ఉంటే వాహనాలు దిగబడతాయి. 1945 సెప్టెంబరులో మలయాలోని మోరిబ్ తీరంలో ఇదే జరిగింది. జపాన్ అప్పటికే లొంగిపోయింది కాబట్టి సరిపోయింది గానీ, ఎదురుకాల్పులు ఉంటే ఆ బురదలో కూరుకుపోయిన వాహనాల గతి వేరుగా ఉండేది.

కాక్స్‌బజార్, 1971

ఈ పాఠం భారత నౌకాదళానికి బంగాళాఖాతంలోనే ఎదురైంది. 1971 యుద్ధంలో 'మగర్' తూర్పు నౌకాదళంలో ఉంది. 1966లో సోవియట్ యూనియన్ నుంచి కొన్న చిన్న ల్యాండింగ్ ఓడలు 'ఘరియాల్', 'గుల్దార్' కూడా అక్కడే ఉన్నాయి. పాకిస్తాన్ సైనికులు బర్మా వైపు తప్పించుకోకుండా కాక్స్‌బజార్ దగ్గర సైన్యాన్ని దించాలని డిసెంబరు మధ్యలో నిర్ణయించారు. గూర్ఖా సైనికులు కోల్‌కతాలో 'విశ్వ విజయ్' అనే వాణిజ్య నౌక ఎక్కారు. సముద్రం మధ్యలో ల్యాండింగ్ ఓడలలోకి మారారు.

కాక్స్‌బజార్ తీరం ఎంతో పొడవైనది, చాలా చదునైనది. ఓడ నేలకు ఆనినా ర్యాంప్ ముందు నీరు మనిషి లోతుకు మించి ఉంది. బరువైన సామగ్రితో దిగిన వారిలో ఇద్దరు సైనికులు మునిగి చనిపోయారు. మిగిలిన వారిని ఒడ్డుకు చేర్చడానికి స్థానిక పడవలు కావాల్సి వచ్చింది. తీరంలో శత్రువు ఎదురవలేదు. ఇద్దరి ప్రాణాలు తీసింది తూటాలు కాదు, లెక్కకు అందని కొద్దిపాటి లోతు.

హుగ్లీ ఒడ్డున రెండో మగర్

దేశంలోనే కట్టిన మొదటి ఎల్‌ఎస్‌టీ కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అండ్ ఇంజనీర్స్ సంస్థలో రూపుదిద్దుకుంది. 1984లో నీటిలోకి దిగి, 1987లో నౌకాదళంలో చేరింది. దానికి పాత ఓడ పేరే, 'మగర్' అని పెట్టారు. సుమారు 120 మీటర్ల పొడవైన ఈ ఓడకు సోదర నౌక, కొత్త 'ఘరియాల్', విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో తయారై 1997లో సేవలో చేరింది. ఆ తర్వాత 'శార్దూల్', 'కేసరి', 'ఐరావత్' గార్డెన్ రీచ్‌లోనే పుట్టాయి.

యుద్ధం కోసం పుట్టిన ఆలోచన శాంతికాలంలోనూ పనికొచ్చింది. రేవులు దెబ్బతిన్న చోటికి వెళ్లగల ఓడ విపత్తులో ఎంతో విలువైనది. 2004 సునామీ సహాయక చర్యల్లో 'మగర్' పాల్గొంది. 2020 మేలో, కోవిడ్ కాలంలో, మాల్దీవుల నుంచి 202 మందిని కొచ్చికి చేర్చింది. 2023 మే 6న కొచ్చిలో సేవ నుంచి విరమించింది.

కాక్స్‌బజార్ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది: ఓడ ఆగే చోట నేల ఎలా ఉంది? ఓడను ఎంత తెలివిగా కట్టినా ఇసుక తిన్నె ఈ ఏడాది ఉన్న చోట వచ్చే ఏడాది ఉండదు. ఇసుక మేటలు నిత్యం కదిలే హుగ్లీలో ఓడలు నడిపేవారికి ఈ సంగతి కొత్త కాదు. అందుకే సముద్రపు లోతులను కొలిచే సర్వే ఓడలు అవసరం. గార్డెన్ రీచ్‌లో కట్టిన సర్వే నౌక 'సంధాయక్' 2024 ఫిబ్రవరి 3న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరింది. ఒడ్డెక్కే ఓడలను కట్టిన కోల్‌కతా సంస్థే ఇప్పుడు ఒడ్డు దగ్గరి లోతును ముందుగా కొలిచే ఓడలనూ కడుతోంది.