రక్తములోని చక్కెర నడక

రాగిసంగటి తినువారికి మధుమేహభయము లేదని గౌరిబిదనూరు ప్రాంతమున పెద్దలు చెప్పగా వినుచున్నాము. అది పూర్తిగ నిజము కాదు. రాగియందును పిండిపదార్థమే హెచ్చు. ముద్ద పెద్దదైనకొలది రక్తమున గ్లూకోజు పెరుగును.

వ్రేలు పొడిచి చేయు పరీక్ష ఆ క్షణపు సంగతినే తెలుపును. భుజము వెనుక అంటించు సెన్సారు చర్మము క్రింది ద్రవమందలి గ్లూకోజును కొన్ని నిమిషముల కొకమారు కొలిచి, సుమారు రెండు వారములు రేయింబవళ్ళు గీతగా చూపును. ఇన్సులిన్ తీసికొనువారికి నిదురలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు దిగువ జారినచో ప్రక్కనున్నవారికిని తెలియకపోవచ్చును. హెచ్చరిక మ్రోగించు సెన్సారు అప్పుడు ప్రాణము నిలుపగలదు. కాని ఆ చేతిపై ఒరిగి పండుకొన్నను అంకె తప్పుగా తగ్గవచ్చును. ద్రవము రక్తముకంటె కొంత వెనుకబడును గనుక, చెమటలు, వణకు పుట్టినపుడు అంకె బాగున్నను వ్రేలిపరీక్ష చేయవలెను.

దీని వెల మన రైతుకుటుంబములకు భారమే. ఒక్క సెన్సారే కొనగలవారు ఆ దినములలో తిన్నది, నడచినది వేళతో వ్రాసికొనిననే గీతకు అర్థము తెలియును.