పాత పికప్‌కు పవర్ బ్రేకు: పాస్కల్ సూత్రం నుంచి మెకానిక్ షెడ్డు దాకా



మన అనంతపురం పీఠభూమిలో వాన తక్కువ, దూరాలు ఎక్కువ. ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వాన కురిసే ఈ నేలలో పండిన వేరుశనగ, చీనీ, టమోటా పల్లె నుంచి మండీకి చేరాలంటే పికప్ బండే ఆధారం. 2022లో జిల్లా రెండుగా విడిపోయి కదిరి, ధర్మవరం, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. కానీ రెండు జిల్లాల రోడ్ల మీదా తిరిగే బండ్లు అవే. సరుకే కాదు, కూలికి పోయే మన అమ్మానాన్నలు కూడా ఆ తొట్టిలో నిలబడే పోతున్నారు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టరీత్యా తప్పు, అయినా జరుగుతోంది. కనుక ఆ బండి బ్రేకు సంగతి మన ఇంటి సంగతే.

ఇప్పుడు వచ్చే కొత్త పికప్‌లకు పవర్ బ్రేకు కంపెనీలోనే బిగించి వస్తుంది. పాత జీపులకు, జీపు ఛాసిస్ మీద తొట్టి కట్టించిన బండ్లకు చాలావాటికి అది లేదు. "బూస్టర్ వేయిస్తే సరిపోతుంది కదా" అని యజమానులు అడుగుతుంటారు. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్ ట్రేడులలో చేరే మన తమ్ముళ్ళకూ, స్టీరింగు పట్టిన అన్నలకూ ఉపయోగపడాలని ఈ విషయాన్ని లెక్కలతో వివరిస్తున్నాము.

మామూలు బ్రేకు

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులా సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ (1623-1662) చెప్పాడు. మనం భౌతికశాస్త్రంలో చదివే ఈ సూత్రమే బ్రేకుకు ప్రాణం.

డ్రైవరు పెడల్‌ను 30 కిలోల బలంతో తొక్కాడనుకుందాం. పెడల్ ఒక తులాదండం. దాని నిష్పత్తి 6 అయితే మాస్టర్ సిలిండర్ మీద పడే బలం 180 కిలోలు. ఆ సిలిండర్ వ్యాసం 25 మి.మీ. అయితే వైశాల్యం సుమారు 4.9 చ.సెం.మీ. అంటే బ్రేకు ఆయిల్‌లో చ.సెం.మీ.కు దాదాపు 37 కిలోల పీడనం పుడుతుంది. ఆ పీడనం వీల్ సిలిండర్లలోకి పోయి, బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతుంది.

పవర్ బ్రేకు

బూస్టర్ అంటే పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య బిగించే గుండ్రటి రేకు డబ్బా. లోపల రబ్బరు పొర ఒకటి దాన్ని రెండు గదులుగా విడదీస్తుంది. మామూలుగా రెండు గదుల్లోనూ వాక్యూమ్ ఉంటుంది. పెడల్ తొక్కగానే ఒక వాల్వు తెరుచుకుని వెనుక గదిలోకి బయటి గాలి వస్తుంది. ఆ గాలి పొరను ముందుకు నెడుతుంది. అంటే మన కాలికి సాయం చేసేది మన చుట్టూ ఉన్న గాలే.

పొర వ్యాసం 23 సెం.మీ. అనుకుంటే వైశాల్యం సుమారు 415 చ.సెం.మీ. వాక్యూమ్ 500 మి.మీ. పాదరసం ఉంటే చ.సెం.మీ.కు 0.68 కిలోల చొప్పున దాదాపు 280 కిలోల సాయం దొరుకుతుంది. లోపలి స్ప్రింగుకు పోయేది పోగా మిగిలింది కూడా తక్కువేమీ కాదు.

డీజిల్ బండికి వాక్యూమ్ ఎక్కడిది?

పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ ఉంటుంది. దాని వెనుక వాక్యూమ్ దానంతట అదే పుడుతుంది. మన పాత డీజిల్ ఇంజనులలో అలాంటి అడ్డు ఉండదు. అందుకే వేరే వాక్యూమ్ పంపు కావాలి. సాధారణంగా అది డైనమో వెనుక భాగానికే బిగించి వస్తుంది. దానికి ఇంజను ఆయిల్ వచ్చే పైపు, తిరిగిపోయే పైపు రెండూ ఉండాలి. పంపు నుంచి బూస్టర్‌కు పోయే గొట్టంలో గాలి వెనక్కు రాకుండా ఒకవైపు వాల్వు తప్పనిసరి. పంపు లేకుండా బూస్టర్ బిగిస్తే అది ఉత్త డబ్బాయే.

మార్చే క్రమం

1. ముందు చక్రాల పని చూడాలి. షూ లైనర్లు, డ్రమ్ములు, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు బాగున్నాకే బూస్టర్ మాట. పాత హోసు పెరిగిన పీడనానికి పగలవచ్చు.

2. అదే కంపెనీ, అదే మోడల్‌లో తర్వాత బూస్టర్‌తో వచ్చిన బండి ఉంటే దాని పెడల్, బ్రాకెట్, బూస్టర్, మాస్టర్ సిలిండర్ మొత్తం సెట్టుగా తీసుకోవాలి. పెడల్‌ను కోసి వెల్డింగు చేయించడం ప్రాణాలతో చెలగాటం.

3. మాస్టర్ సిలిండర్ రెండు గదులది కావాలి. ఒక లైను పగిలినా రెండోది పనిచేస్తుంది.

4. బూస్టర్ కడ్డీకీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య కంపెనీ చెప్పినంత సందు ఉంచాలి. సందు లేకపోతే ఆయిల్ వెనక్కు రాదు, బ్రేకులు పట్టుకుని డ్రమ్ములు కాలిపోతాయి.

5. కొత్త బ్రేకు ఆయిల్ పోసి గాలి తీయాలి. మన బండ్లకు స్టీరింగు కుడివైపు కనుక మామూలుగా దూరంగా ఉండే వెనుక ఎడమ చక్రం నుంచి మొదలుపెడతారు. ఎండిపోయిన మన నేలలో కూడా బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 140 డిగ్రీలకు పడిపోవచ్చు.

బూస్టర్ చేయలేనిది

బండిని ఆపేది బూస్టర్ కాదు. లైనరుకూ డ్రమ్ముకూ, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. బూస్టర్ కాలి శ్రమను మాత్రమే తగ్గిస్తుంది. మంచి బ్రేకుతో సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే, 40 కి.మీ. వేగంలో బండి సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అదే 60 కి.మీ. అయితే 28 మీటర్లు కావాలి. కాలు పెడల్ మీదికి చేరడానికి పట్టే ఒక సెకనులో పోయే దూరం దీనికి అదనం. లోడుతో కలిపి బండి మొత్తం బరువు రెట్టింపైతే డ్రమ్ములు మింగవలసిన వేడి కూడా రెట్టింపు. ఓవర్‌లోడుకు బూస్టర్ మందు కాదు.

అసలు ప్రమాదం ఇక్కడే

డీజిల్ మిగులుతుందని వాలులో ఇంజను ఆపి, న్యూట్రల్‌లో బండిని వదిలేసే అలవాటు కొందరికి ఉంది. పవర్ బ్రేకు బండిలో ఈ అలవాటు ఎంత ప్రమాదమో లెక్క చూడండి.

బూస్టర్ ఉన్న బండికి పెడల్ నిష్పత్తి తక్కువగా, 4 దగ్గర ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు 15 కిలోల బలంతో తొక్కితే 60 కిలోలు అవుతుంది. దానికి బూస్టర్ 180 కిలోలు కలిపితే మొత్తం 240. పాత బండికంటే ఎక్కువ, అదీ సగం శ్రమతో. ఇంజను ఆపితే డబ్బాలో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకు అయిపోతుంది. అప్పుడు 30 కిలోలతో తొక్కినా వచ్చేది 120 కిలోలే. పాత బండిలో అదే కాలు 180 ఇచ్చేది! అంటే ఇంజను ఆగిన పవర్ బ్రేకు బండి, మార్చకముందు ఉన్న బండికంటే అధ్వాన్నం. కాబట్టి వాలులో ఇంజను ఆపకూడదు, న్యూట్రల్ చేయకూడదు. ఎక్కేటప్పుడు వేసిన గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం.

రోజూ చేయదగిన మూడు పరీక్షలు

బండి నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి చేయండి.

మొదటిది: ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్టు చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

రెండోది: ఇంజనును రెండు నిమిషాలు నడిపి ఆపి, నిదానంగా తొక్కాలి. మొదటిసారి లోతుగా దిగి, తర్వాత తర్వాత పైనే ఆగితే వాక్యూమ్ నిలుస్తున్నట్టు.

మూడోది: ఇంజను నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టి, ఇంజను ఆపి 30 సెకన్లు చూడాలి. పెడల్ ఎత్తు మారకపోతే లీకు లేనట్టు.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. అర్హత ఉన్న వర్క్‌షాపులోనే పని చేయించి, బిల్లులు దాచుకోవాలి.

మిత్రులారా! పుస్తకంలోని పాస్కల్ సూత్రం పరీక్షలో రెండు మార్కులు తెచ్చిపెట్టవచ్చు. అదే సూత్రం అర్థమైన మెకానిక్ తొట్టి నిండా ఉన్న మనుషులను క్షేమంగా ఇంటికి చేరుస్తాడు. మీ ఊళ్ళో పికప్ నడిపే అన్నకో మామకో ఈ మూడు పరీక్షలు చేసి చూపించండి. వాలులో ఇంజను ఆపవద్దని ఒక్క మాట చెప్పండి.