పాస్ చేయించే డాక్టరంటూ ఎవరూ లేరు

వీసా మెడికల్ అనగానే చాలామంది మొదట అడిగేది ఇదే: "ఎవరి దగ్గరికెళ్తే ఇబ్బంది పెట్టరు?" సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు చుట్టుపక్కల కాసేపు నిలబడితే దీనికి నాలుగైదు జవాబులు దొరుకుతాయి. వాటిని అక్కడే వదిలేసి రండి.

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా తమ ప్యానెల్‌లో ఉన్న డాక్టర్ల రిపోర్టునే తీసుకుంటాయి. మారేడ్‌పల్లిలో మీ ఇంటిల్లిపాదినీ ఏళ్లుగా చూస్తున్న డాక్టరుగారు ఎంత గొప్పవారైనా ఆయన సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. ప్యానెల్ డాక్టరు పని కూడా పరీక్షించి రిపోర్టు పంపడం వరకే. వీసా ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చేతిలో లేదు. అలాంటప్పుడు "నేను పాస్ చేయిస్తా" అనే ఏజెంటుకు మీరిచ్చే డబ్బు దేనికి?

మీరు వెళ్లే దేశం అధికారిక వెబ్‌సైట్‌లో ప్యానెల్ జాబితాను మీరే తెరవండి. ఫోన్ కూడా మీరే చేయండి, కొడుకుతోనో బావమరిదితోనో చేయించకండి. స్లాట్ ఎప్పుడుంది, టీకాలతో కలిపి ఎంతవుతుంది, రిపోర్టు ఎన్ని రోజుల్లో పంపుతారు, లేడీ డాక్టర్ ఉంటారా? మొహమాటం లేకుండా అడగండి. విసుక్కోకుండా, స్పష్టంగా చెప్పిన చోటికే వెళ్లండి. ఇంటికి దగ్గరా దూరమా అన్నది తర్వాతి సంగతి.

అసలు జాగ్రత్త పడాల్సింది క్షయ దగ్గర. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువ కాబట్టి ఛాతీ ఎక్స్‌రేను నిశితంగా చూస్తారు. చిన్నప్పుడు ప్రైమరీ కాంప్లెక్స్‌కు (పిల్లల్లో వచ్చే క్షయకు) నెలల తరబడి మందులు వాడిన సంగతి మన ఇళ్లలో బయటికి చెప్పరు, పెళ్లి సంబంధాలు చెడతాయని భయం. నోరు దాచినా ఊపిరితిత్తి మీది మచ్చ దాగదు. అనుమానం వస్తే అమెరికా పద్ధతిలో మూడు రోజులు తెమడ ఇవ్వాలి, కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాల దాకా ఆగాలి. పాత ఎక్స్‌రే, మందుల చీటీలు ముందే చేతికిస్తే డాక్టరుకు పోల్చి చూసే ఆధారం ఉంటుంది. దాచి దొరికిపోతే మీరు చెప్పే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు. షుగరు, బీపీ, మానసిక వైద్యం విషయంలోనూ అంతే.

పిల్లల టీకా కార్డు వెతికి పెట్టుకోండి. అది లేకపోతే వేసిన టీకాలే మళ్లీ వేయించుకోవాల్సి రావచ్చు. ఆడవాళ్లు ఎక్స్‌రే గదిలో నల్లపూసలు, గొలుసులు తీయాలి. ఆ మాట ముందే తెలిస్తే అత్తగారికి ఇంట్లోనే చెప్పి ఒప్పించవచ్చు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ఎక్స్‌రేకి ముందే చెప్పి తీరాలి.

తొందరపడి మరీ ముందుగానూ చేయించుకోవద్దు. కెనడా మెడికల్ 12 నెలలు, బ్రిటన్ క్షయ సర్టిఫికెట్ 6 నెలలు మాత్రమే చెల్లుతాయి. అమెరికా రిపోర్టును సీల్ చేసిన కవరులో చేతికిస్తే దాన్ని విప్పకుండా, నలగకుండా ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. విమానం టికెట్ మాత్రం వీసా వచ్చాకే కొనండి.