పాత కారు రేడియోలో దీపం పెట్టడం

పాటలు వినబడుతూనే ఉంటాయి. డయలు మాత్రం చీకటి. 1980, 90 దశకాల కార్లలో కంపెనీవారే బిగించి ఇచ్చిన రేడియోలకు వయసు మీదపడ్డాక తరచు వచ్చే జబ్బు ఇది. రాత్రివేళ స్టేషను మార్చాలంటే డ్రైవరు రోడ్డు మీది చూపు తీసి బటన్ల కోసం తడుముకోవాలి. అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. "రేడియో పోయింది, కొత్తది వేయించు" అనేవారే ఎక్కువ. పోయింది రేడియో కాదు, దాని ముఖం వెనుక ఉన్న వేరుసెనగ పలుకంత బల్బు. బోరు మోటారు కాలితే మా ఇళ్ళల్లో వైండింగు చేయించి మళ్ళీ దించుతాం గాని పారేయం గదా! రేడియోకి మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించకూడదు?

బల్బు ఎందుకు మాడుతుంది?

బల్బులోని ఫిలమెంటు టంగ్‌స్టన్ తీగ. ఈ లోహం 3,422 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గాని కరగదు. అయినా వెలుగుతున్నంతసేపూ ఆ తీగ నుంచి అణువులు కొద్దికొద్దిగా ఆవిరైపోతూనే ఉంటాయి. పాత బల్బు గాజు లోపల కనిపించే నల్లని మసి అదే. తీగ ఒకచోట సన్నబడితే అక్కడ నిరోధం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, ఇంకా సన్నబడుతుంది. చివరికి ఒకనాడు స్విచ్చి వేయగానే తెగుతుంది.

స్విచ్చి వేసినప్పుడే తెగడానికి కారణం ఉంది. 14 వోల్టులు, 65 మిల్లీ ఆంపియర్ల బల్బును తీసుకోండి. ఓమ్ నియమం ప్రకారం వెలిగేటప్పుడు దాని నిరోధం సుమారు 215 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పన్నెండో వంతు, అంటే దాదాపు 18 ఓములే. కనుక మొదటి క్షణంలో ఎన్నోరెట్ల కరెంటు దూసుకువస్తుంది. మీటరు 18 చూపిందని మంచి బల్బును షార్టు అయిందనుకోరాదు.

పరీక్ష

రేడియోకి కరెంటు ఒక తీగలో, డయలు దీపానికి వేరొక తీగలో వస్తాయి. అందుకే దీపం లేకున్నా పాట వస్తుంది. డాష్‌బోర్డు మీది మిగతా దీపాలు కూడా ఆరిపోతే ముందు ఫ్యూజు చూడండి. రేడియో ఒక్కటే చీకటైతే, పార్కింగు లైటు స్విచ్చి వేసి దీపపు తీగలో వోల్టేజి ఉందో లేదో కొలవండి. ఉంటే అనుమానం బల్బు మీదికే పోవాలి.

మార్చే విధానం

కొన్ని రేడియోలు బ్యాటరీ తీస్తే మళ్ళీ రహస్య సంఖ్య అడుగుతాయి. అది దగ్గర ఉన్నదని చూసుకున్నాకనే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. తరువాత రేడియోను బయటికి లాగి, వెనుక కనెక్టరును, ఏరియల్ తీగను ఊడదీయాలి. నాబులు తీసి, ముందు ముఖం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కొక్కాలను నిదానంగా వదులుచేస్తే అది చేతికి వస్తుంది. తొందరపడితే కొక్కెం విరుగుతుంది.

కొన్ని బల్బులు ప్లాస్టిక్ పీఠంతో ఉంటాయి. పావు చుట్టు తిప్పితే ఊడివస్తాయి. కొన్నిటికి రెండు తీగలు బోర్డుకు సోల్డరింగు చేసి ఉంటాయి. వీటికి 25 వాట్ల ఐరన్ చాలు. రెండు మూడు క్షణాలకు మించి కాల్చితే బోర్డు మీది రాగిపొర లేచిపోతుంది. బల్బుకు ఆకుపచ్చ రబ్బరు తొడుగు ఉంటే జాగ్రత్తగా తీసి కొత్తదానికి తొడగండి. డయలు రంగు దానివల్లనే వస్తుంది. రెండు బల్బులుంటే రెండూ మార్చడం మేలు. అవి ఒకే ఈడువి.

వోల్టేజి విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఇంజను నడిచేటప్పుడు కారులో 14 వోల్టుల దాకా ఉంటుంది. బల్బు ఆయుష్షు వోల్టేజి పన్నెండో ఘాతానికి సుమారు విలోమానుపాతంలో ఉంటుంది. సరిగ్గా 12 వోల్టులకే తయారైన బల్బును 14 మీద వెలిగిస్తే ఆయుష్షు ఆరో వంతుకు పడిపోతుంది!

ఎల్.ఇ.డి. పెట్టవచ్చునా?

పెట్టవచ్చు, గాని నేరుగా కాదు. తెల్ల ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు చాలు. మిగిలిన 11 వోల్టులను ఒక నిరోధకం భరించాలి. 820 ఓములది వేస్తే 13 మిల్లీ ఆంపియర్లు పారతాయి. పావు వాటుది సరిపోతుంది. ధన, ఋణ ధ్రువాలు తారుమారైతే వెలగదు. దీని తెలుపు నీలికాంతి నుంచి పుట్టినది కనుక పాత డయలు రంగు కాస్త మారుతుంది. ఆ నీలి ఎల్.ఇ.డి.కే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. కాంతి తగ్గించే నాబుకు కూడా ఇది బల్బులాగా నెమ్మదిగా లొంగకపోవచ్చు.

మిత్రులారా! ఓమ్ నియమాన్ని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. అయినా నాలుగు స్క్రూలు విప్పాలంటే చేయి వణుకుతుంది. కొద్ది రూపాయల బల్బు కోసం చక్కగా పాడే రేడియోను చెత్తలో వేయడం చదువుకున్నవాడు చేయదగిన పని కాదు. మీటరు పట్టుకోండి, కొలవండి, విప్పండి. లేబొరేటరీ నేర్పినది అప్పుడే మన సొంతమవుతుంది.