కరాటే: కొట్టడం కన్నా ఆపడమే కష్టం

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

కరాటే అనగానే మన కళ్ళముందు మెదిలేదేమిటి? పెంకులు పగలగొట్టే చేతులు, పదిమందిని ఒంటిచేత్తో పడగొట్టే సినిమా హీరో. కాలేజీలో కరాటే క్లాసులో చేరిన రోజున నా ఊహా అంతే. పొలంలో పెరిగినవాణ్ణి, వడ్ల బస్తాలు మోసినవాణ్ణి, నాకు బలానికేం తక్కువ అనుకున్నాను. తీరా మొదటి పోటీలోనే ఎదుటి కుర్రవాడి పెదవి చిట్లిపోయింది. రిఫరీ నన్ను అనర్హుణ్ణి చేసి బయటికి పంపాడు. మా మాస్టారు ఒక్క మాటే అన్నారు: "నీకు బలముంది గాని పగ్గం లేదు."

ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. అంతర్జాతీయ క్రీడాకారులకు ఈ పగ్గం ఎలా నేర్పుతారో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. తెలిసినంతలో సోదర విద్యార్థులతో పంచుకుందామని ఈ వ్యాసం.

పుట్టుక, పోటీ

కరాటే జన్మస్థలం ఒకినావా ద్వీపం. అక్కడి ఉపాధ్యాయుడు గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో దీన్ని ప్రదర్శించిన తర్వాతనే జపాన్ ప్రధాన భూభాగంలో బాగా వ్యాపించింది. మొదటి ప్రపంచ పోటీలు 1970లో టోక్యోలో జరిగాయి. ఒలింపిక్స్‌లో చోటు దొరికింది మాత్రం 2021లో జరిగిన టోక్యో క్రీడల్లోనే. 2024 పారిస్ క్రీడల్లో మళ్ళీ లేదు.

పోటీలు రెండు రకాలు. ఒంటరిగా నిర్ణీత భంగిమలను ప్రదర్శించేది కతా. ఇద్దరు తలపడేది కుమితే. టోక్యోలో కుమితే నియమాలు ఇలా ఉన్నాయి: 8 మీటర్ల చదరం, 3 నిమిషాల ఆట. చేతి దెబ్బకు 1 పాయింటు, నడుముపై భాగానికి కాలితో తంతే 2, తలకు గురిపెట్టి తంతే 3. ఎవరైనా 8 పాయింట్ల ఆధిక్యం సాధిస్తే ఆట అక్కడితో ముగుస్తుంది. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఒక్కటే చూడరు. భంగిమ, వేగం, అదను, దూరం, కొట్టిన తర్వాత కూడా చెదరని ఏకాగ్రత, అన్నీ కుదిరితేనే పాయింటు.

కంటికన్నా ముందు

ఒక వస్తువు కదలడం చూసి మనం చెయ్యి కదపడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. దగ్గరనుంచి వచ్చే మంచి గుద్దు అంతలోపే ముఖం చేరగలదు. మరి ఎలా తప్పుకుంటారు? చెయ్యి కదిలాక చూస్తే ఆలస్యమే. భుజం బిగియడం, తుంటి తిరగడం, వెనక మడమ నేలను నొక్కడం, వీటిని బట్టి రాబోయే దెబ్బను ముందే పసిగట్టాలి. అందుకే కోచ్‌లు జతలను మార్చి మార్చి ఆడిస్తారు. పొడుగువాడు, పొట్టివాడు, ఎడమచేతి వాటంవాడు, అందరి ఒంటి తీరూ కంటికి అలవాటు కావాలి.

ఇక దమ్ము సంగతి. ఒక్కొక్క దాడి ఒకటి రెండు సెకన్లు మాత్రమే. ఆ శక్తి ప్రధానంగా కండరాల్లో ముందే నిలవ ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్‌ల నుంచి వస్తుంది. నిలవ తరిగితే మళ్ళీ నిండడానికి ఆక్సిజన్ కావాలి. కనుక శిక్షణ కూడా అలాగే: చిన్న చిన్న దూకుళ్ళు, మధ్యలో కొలిచిన విశ్రాంతి. అయితే ఏడాది పొడుగునా ఒకేలా సాధన చేయించరు. మొదట ఒళ్ళు గట్టిపరచడం, తర్వాత మెళకువలు, ఆపైన పోటీ ఆటలు. పోటీ దగ్గరపడ్డాక శ్రమ తగ్గించి ఒంటికి తేరుకునే వ్యవధినిస్తారు. దుక్కి, విత్తు, కోత తెలిసిన రైతుబిడ్డకు ఇది కొత్త విషయం కాదు.

ఆపే విద్య

అసలు కిటుకు ఇక్కడుంది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలవుతుందని మనం ఫిజిక్స్‌లో చదువుకున్నాం. అంత శక్తితో వెళ్ళే పిడికిలి ఎదుటివాడి ముఖాన్ని తాకీ తాకనట్టుగా ఆగాలి. మోచేతిని చాచేది వెనక కండరమైతే, బ్రేకు వేసేది ముందు కండరం. రెండూ సమయానికి కలిసి పనిచెయ్యాలంటే వేలసార్లు సాధన చెయ్యాలి. అంతకన్నా ముఖ్యం నిలబడే దూరం. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు ఎక్కడికి చేరుతుందో కాలికి తెలియాలి.

ఇది తప్పితే ఏమవుతుందో 2021 ఆగస్టు 7న టోక్యోలో ప్రపంచమంతా చూసింది. 75 కిలోల పైబడినవారి ఫైనల్లో సౌదీ అరేబియా యువకుడు తారెగ్ హమెదీ 4-1తో ముందున్నాడు. అతను ఎత్తుగా విసిరిన తన్నుకు ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. అదుపులేని దెబ్బ అని హమెదీని అనర్హుడిగా ప్రకటించారు. స్ట్రెచర్ మీద వెళ్ళినవాడికి స్వర్ణం, నిలబడి ఉన్నవాడికి రజతం! న్యాయమా అని చాలామంది అడిగారు. నాకు మాత్రం నా మొదటి పోటీ గుర్తొచ్చింది.

కోచ్, కాలం

ఈ ఆటలో కోచ్ పని కేకలు వెయ్యడం కాదు. టోక్యోలో తమవాడి పాయింటును రిఫరీలు చూడలేదనిపిస్తే కార్డు ఎత్తి వీడియో పరిశీలన కోరే హక్కు అతనికుంది. ఆ కోరిక తప్పని తేలితే కార్డు పోతుంది. కనుక కోచ్‌కూ నిగ్రహం కావాలి.

కతాలో అయితే ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. టోక్యోలో పురుషుల కతా స్వర్ణం ఒకినావాకు చెందిన ర్యో కియునాకు దక్కింది. గురువు త్సుగువో సకుమోతో దగ్గర దీర్ఘకాలం సాధన చేసినవాడతడు. మహిళల స్వర్ణం గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి సాండ్రా సాంచెజ్ వయస్సు అప్పటికి 39 ఏళ్ళు. ఇరవయ్యేళ్ళకే తొందరపడే నాబోటివాళ్ళు ఆలోచించాల్సిన సంగతి ఇది.

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా మా నాన్నకు చెప్పాను. ఆయన నవ్వి, "కోడెను కాడికి కట్టాక లాగడం ఎవరూ నేర్పక్కర్లేదురా. గట్టు దగ్గర ఆగడమే నేర్పాలి" అన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే దారానికి కాగితం కట్టి, దాని ముందు పిడికిలి ఆపడం సాధన చేస్తున్నాను. ఆ రోజు నా దెబ్బతిన్న కుర్రవాడే ఇప్పుడు నాకు జత. నా చేతిమీద అతనికి నమ్మకం కుదిరింది. నాకే ఇంకా పూర్తిగా కుదరలేదు.